పొయ్యిలోంచి తెచ్చిన బల్ల

మొన్న కొట్లో ఉండగా రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. పంపు భాయ్ పోయాడట. చెప్పినవాడు ఆయన అన్న కొడుకు. పొద్దున టీ తాగి నడుం వాల్చాడు, మళ్లీ లేవలేదు.

“మా చిన్నాయన ఫోన్లో మీ నంబరు ‘దుబాయ్ శెట్టి’ అనుండాది సార్. మీరింకా ఆడ్నే ఉండారా?” అని అడిగాడు.

ఎప్పుడో వచ్చేశానని, నెల్లూరులో ఇనప సామాన్ల కొట్టు పెట్టుకున్నానని చెప్పాను. ఇక్కడికొచ్చాక నా కొత్త నంబరు ఆయనకు నేనే ఇచ్చాను. నంబరు మార్చుకున్నాడు గానీ పేరు మార్చలేదన్నమాట. కుర్రాడితో “మంచోడు” అన్నాను. “అవును సార్, అందరూ అదే చెప్తాండారు” అని పెట్టేశాడు. అందరూ చెప్పే మాటే నేనూ చెప్పానే అని ఆ పూటంతా ఒక చిరాకు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆయన అసలు పేరు రాయను. దుబాయ్‌లో అల్ ఖూజ్ అనే పేటలో, మా మరమ్మతు షాపులో ఆ పేరు ఎవరూ వాడలేదు, అది పాస్‌పోర్టులోనే ఉండిపోయింది. అందరికీ ఆయన పంపు భాయ్. భవనాల పునాదులు తవ్వేటప్పుడు ఊరే నీళ్లను తోడే పంపులు అద్దెకిచ్చే కంపెనీ మాది. ఆ రోజుల్లో దుబాయ్ నిండా గోతులే, గోతుల నిండా నీళ్లే. పంపులు సైట్ల నుంచి బురద మింగి వచ్చేవి. భాయ్ వాటి ముందు గొంతుక్కూర్చుని, మూత విప్పి, “ఏం తిన్న్యావ్ సామీ?” అని అడిగేవాడు. పంపుల కడుపులోంచి సిమెంటు సంచి పీలికలు, చెప్పు పట్టీలు, ఒకసారి స్టీలు గరిటె కూడా తీశాడు. తీసినవన్నీ కిటికీ గట్టు మీద వరసగా పెట్టేవాడు. పంపు కోసం సైటు మనిషి వస్తే వాటిని చూపించి, “ఇదీ మీవోళ్లు దీనికి పెట్టే కూడు” అని హిందీలో చెప్పేవాడు. కోపంగా కాదు, డాక్టరు రోగి బంధువులతో చెప్పినట్టు.

నేను స్టోరు చూసేవాణ్ణి, సామాన్లు కొనేవాణ్ణి. కొనడం అంటే నా విషయంలో బేరమాడటమే. నెల్లూరులో మా వీధి మొత్తం కొట్లు. ఇటు మా నాన్నది, పక్కది మా మేనమామది, ఎదురుగా మా పెదనాన్నది. అక్కడ వంకాయ కొనాలంటే ముందు వంకాయను తిట్టాలి. అమ్మేవాడు పొగుడుతాడు, కొనేవాడు తిడతాడు, నడిమధ్య ఎక్కడో ధర తెగుతుంది. ఎవరి మాటా ఎవరూ నమ్మరు కాబట్టి ఇందులో మోసమేమీ లేదు. నేను ఆ చదువు చదువుకునే దుబాయ్ వెళ్లాను. మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను తీసుకున్నది కూడా దానికే.

భాయ్ పుట్టింది నన్ను ఏడిపించడానికి. ఆయన కొట్లోకి అడుగుపెట్టీ పెట్టగానే వస్తువును మెచ్చుకుంటాడు, ఆ తర్వాత ధర అడుగుతాడు. ఒక శుక్రవారం సత్వా బజార్లో చొక్కా కొనిపెట్టమని నన్ను తీసుకెళ్లాడు. నేను చొక్కాను వెలుతురుకు పట్టి, కుట్లు పీకి చూసి, మూతి విరిచి, అలా ఒక క్రమంలో పోతుంటే వెనక నుంచి ఆయన ఆ గుడ్డను బుగ్గకు ఆనించుకుని, “ఎంత మెత్తగుందో సూడు శెట్టీ” అన్నాడు. కొట్టతను తెలుగు రాకపోయినా నవ్వేశాడు. ఇంకేం తగ్గుతుంది?

“నచ్చినట్టు మొహం పెట్టబాక భాయ్” అన్నాను బయటికొచ్చాక.

“నచ్చిందే. ఈ మొహం తీసకపొయ్యి యాడ పెట్టుకోను?”

ఇంకో అలవాటు ఉండేది. ఇతరుల చెత్తలోంచి మేకు కూడా అడగకుండా తీసేవాడు కాదు. అల్ ఖూజ్‌లో ప్రతి గోడౌను ముందు పెద్ద పెద్ద ఇనప చెత్త తొట్లు ఉంటాయి. వాటి నిండా కర్రలు, అట్టలు, తీగలు. అందరూ తీసుకునేవాళ్లే. ఆయన మాత్రం ఆ గోడౌను మనిషి కనిపించేదాకా ఎండలో నిలబడి, సలాం చెప్పి, “ఇది మీకు వద్దా?” అని అడిగి తీసుకునేవాడు. పారేసినదానికి అడగడమేంటని నేనంటే, “పారేసింది ఆయప్ప. నాకిచ్చింది కాదు గదా” అనేవాడు. ఆ మాట మీద ఆయనతో వాదించినవాళ్లలో గెలిచినవాడు నాకు తెలిసి లేడు.

రెండువేల అయిదులో చైను జారి ఒక పంపు ఆయన మోకాలి మీద పడింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు, నెలన్నర తర్వాత కట్టు విప్పారు. విప్పిన నర్సమ్మ భీమవరం పిల్ల. తెలుగు వినపడగానే మొహం విప్పారింది. “నిలబడొచ్చు, నడవొచ్చు బాబాయ్‌గారూ. కింద కూర్చోడం మాత్రం ఇంక మర్చిపోండి” అంది.

“నా పనంతా కిందే గదమ్మా.”

“అయితే పనినే పైకి తెచ్చుకోండి” అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ పిల్ల మాటవరసకు అన్నది. ఈయన దాన్ని మందు చీటీలాగా జేబులో పెట్టుకుని వచ్చాడు. మా షాపులో బల్లలు లేవు. మెకానిక్కులందరూ సిమెంటు నేల మీదే పంపులు విప్పేవాళ్లు. ఆయన వీసా పై నెలలో తీరిపోతోంది. మళ్లీ కొట్టించాలా వద్దా అని ముదీర్ నన్నే అడిగాడు, జవాబు కూడా తనే చెప్పాడు. “నీచే బైఠ్‌నేకా నహీ, తో కామ్ ఖలాస్. టికెట్ నికాలో.”

కింద కూర్చోలేనివాడికి పని లేదు, టికెట్టు తీసి పంపించెయ్. ఆ మాట భాయ్‌కి చేరవేయడం నా వంతు. ఆయన టీ గ్లాసు పట్టుకుని విన్నాడు. నేను ఓదార్పుగా, ఎలాగూ ఇక్కడ అందరూ ఊరు ఊరని అంటుంటారు కదా, వెళ్లి హాయిగా ఉండొచ్చు అన్నాను.

“పోబుద్ధయితే నేనే పోతా శెట్టీ. నాకిప్పుడు పోబుద్ధి కాలే. వచ్చేటప్పుడు ఎవురూ నన్ను ఎత్తకరాలే, నా అంతట నేనొచ్చినా. కాలిరిగినాదని ఎవురో ఎత్తి పంపిస్తే, ఊర్లో బస్సు దిగినప్పట్నుంచి నేను సచ్చేదాకా ‘పంపించేసినారంట’ అనే మాటే. ఆ మాటతో నేను బతకలేనుబ్బా.”

ఆయన గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు. గ్లాసు కడిగి, బోర్లించి, కుంటుకుంటూ షెడ్డు వెనక్కి వెళ్లాడు. అక్కడ పాత సొరుగుల పెట్టె ఒకటి పడి ఉండేది. పనిముట్లు పెట్టుకునే ఇనప పెట్టె, కింద చక్రాలు, ఎర్ర రంగు. ట్రాలీ అనేవాళ్లం. ఉప్పుగాలికి దాని పైరేకు జల్లెడైపోయింది గానీ సొరుగులు బాగున్నాయి. భాయ్ దాని పక్కన నిలబడి, అరచెయ్యి గాల్లో చాపి ఎత్తు చూసుకున్నాడు. సరిగ్గా ఆయన నడుం దాకా వచ్చింది.

“దీని మీద మందంగా కర్ర పరిస్తే?”

నేను ముదీర్ దగ్గరికి వెళ్లాను. ఒక్క మనిషి కోసం కంపెనీ బల్ల కొనదు అన్నాడు. చెత్తతో ఏమైనా చేసుకుంటే తనకు అభ్యంతరం లేదన్నాడు. వీసా కాగితాలు పంపేలోపు ఆ మనిషి పంపు విప్పి బిగించడం తన కళ్లతో చూస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. మేనేజర్ల ‘చూద్దాం’ ధర నాకు తెలుసు. అయినా తీసుకున్నాను. అంతకంటే పలికేలా లేదు.

మా వెనక సందులో పాలరాతి గోడౌను ఉండేది. రాతి పలకలు దెబ్బ తినకుండా లావుపాటి కర్రల చట్రాల్లో ఓడ మీద వచ్చేవి. రాళ్లు దించాక ఆ కర్రలు గోడ వారన పేర్చి ఉండేవి. దాని కాపలాదారు ఒక పఠాన్, ఖాన్ సాబ్ అనేవాళ్లం. వాడని కర్రలు ఆయన సొంతం, అది అక్కడి వాడుక. భాయ్ తిన్నగా వెళ్లి అడిగేసేవాడే. నేనే ఆపాను. నువ్వు అడిగితే కర్రను ముద్దు పెట్టుకుని అడుగుతావు, బేరం నాకొదిలెయ్ అన్నాను.

గురువారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్లాం. నేను ఒక కర్రను బూటుతో తన్నాను. ఇంకోదాన్ని ఎత్తి, వాసన చూసి, మొహం చిట్లించి పడేశాను.

“ఇది కర్ర కాదు ఖాన్ సాబ్, రస్కు” అన్నాను హిందీలో. “ఎండకు ఎండి లోపల పురుగు పట్టింది. పొయ్యిలో పెట్టుకోడానికి తప్ప దేనికీ పనికి రాదు.”

“అచ్ఛా?” అన్నాడు ఖాన్. కర్ర వైపు దిగులుగా చూశాడు.

నా వెనక భాయ్ ఆ కర్రనే ఒళ్లు నిమిరినట్టు నిమురుతూ తెలుగులో, “ఇట్లాంటిది మా ఊర్లో తలుపులకు గూడా దొరకదుబ్బా” అంటున్నాడు.

“గమ్మునుండు భాయ్” అని, ఖాన్‌కు ఒక ధర చెప్పాను. ఆయన తల ఊపలేదు. ఇక మిగిలింది నడిచి వెళ్లిపోవడం. మా వీధిలో కొనేవాడు నాలుగడుగులు వేసేసరికి వెనక నుంచి కేక పడుతుంది. నేను నాలుగడుగులూ వేశాను. ఇంకో నాలుగు వేశాను. సందు మలుపు తిరిగాను. కేక లేదు.

“పిలవలేదే” అన్నాడు భాయ్.

“రేపు పిలుస్తాడు. పద.”

మర్నాడు శుక్రవారం. భాయ్ నమాజు చేసుకుని వస్తూ గోడౌను మీదుగా వచ్చాడు. నా గది తలుపు కొట్టి, “కర్ర ల్యాదు” అన్నాడు. ఇద్దరం పరిగెత్తాం, అంటే నేను పరిగెత్తాను, ఆయన కుంటాడు. ఖాన్ మమ్మల్ని చూసి ఎంతో ఆప్యాయంగా లేచాడు.

“నువ్వు చెప్పింది నిజమే భాయీ. పురుగు పట్టిన కర్ర ఉంచుకుని నేనేం చేసుకుంటాను? పొయ్యికే పనికొస్తుందన్నావుగా. మావాళ్లకు ఇచ్చేశాను. మా ఊరివాడొకడు సెలవు మీద వెళ్తున్నాడు, ఇవాళ దావత్.”

నా నోటి మాటను ఉన్నదున్నట్టు నమ్మిన మొదటి మనిషి ఆయనే. మా నాన్న కూడా ఏనాడూ నమ్మలేదు.

పఠాన్ల క్యాంపు వెనక ఇసకలో రాళ్ల పొయ్యి, దాని మీద ఇద్దరు మనుషులు కూర్చోగలిగేంత డేగిశా. పక్కన మా కర్రలు. అన్నీ మోచేతి పొడవు ముక్కలుగా కోసి ఉన్నాయి. సగం పొయ్యిలోకి వెళ్లిపోయాయి, మిగతా సగం వరసలో ఉన్నాయి. గోరింటాకు గడ్డం పెద్దాయన ఒకడు గరిటె పట్టుకుని వంట నడిపిస్తున్నాడు. నా చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. భాయ్ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, ముందుకు వెళ్లి సలాం చెప్పాడు.

“చాచా, ఈ ముక్కలు మిగిలితే నాకిస్తారా?”

“కట్టెలు దేనికి? నీకూ దావతా?”

భాయ్ ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు. “కింద కూర్చోలేను. వీటితో బల్ల చేసుకుంటే నిలబడి పనిచేస్తా, నా వీసా నిలబడుతుంది. లేదంటే మీవాడు సెలవు మీద పోతున్నాడు, నేను ఖలాస్ అయి పోతాను.”

అంతే. నేనైతే గంటసేపు చెప్పేవాణ్ణి. పెద్దాయన గరిటె పక్కన పెట్టి, పొయ్యిలోకి ముక్క దోస్తున్నవాణ్ణి ఏదో గద్దించాడు. వాడు దాన్ని వెనక్కి లాగి, అంటుకున్న చివర మీద ఇసక పోశాడు. ఇంకొకడు వెళ్లి సరుకు పేర్చే ప్యాలెట్ల విరిగిన చెక్కలు మోసుకొచ్చి మంట కింద పెట్టాడు. నేను ఊరుకోలేక, ఏమైనా తీసుకోండి అన్నాను. పెద్దాయన నా వైపు తిరిగాడు.

“కర్రకు పురుగు పట్టిందన్నది నువ్వేనా?”

దొరికిపోయాను. ఆయన ఒక ముక్క ఎత్తి నా చేతికిచ్చాడు. “ఎక్కడుంది? చూపించు.”

నేను అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి ఒక మేకు రంధ్రం చూపించాను. క్యాంపు క్యాంపంతా నవ్వింది. భాయ్ అయితే మోకాలు పట్టుకుని నవ్వాడు, నొప్పికి అబ్బా అంటూనే నవ్వాడు. తిని వెళ్తేనే కర్రలు కదలనిస్తామన్నారు. తిన్నాం. నాకు మాత్రం రెండోసారి వడ్డించి, అయ్యేదాకా ఆ పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు. శిక్ష అనుకున్నాను గానీ, మాంసం వెన్నలా ఉంది.

పొడుగు కర్రలయితే పని తేలిక, పక్కపక్కన పరిచి మేకులు కొట్టేయడమే. పొట్టి ముక్కలు చేతిలో పెట్టానని నేను బాధపడుతుంటే ఆయన నేల మీద వాటిని పరచి, తీసి, మళ్లీ పరచి రెండు రోజులు ఆడుకున్నాడు. చివరికి ముక్కలను పడుకోబెట్టకుండా అంచుల మీద నిలబెట్టాడు, గోడకు ఇటికలు పేర్చినట్టు అతుకు పక్కన అతుకు పడకుండా. అన్నిటికీ అడ్డంగా బెజ్జాలు వేసి, పాత పంపులోంచి తీసిన, మరలు చెక్కిన కడ్డీలు దూర్చి, రెండువైపులా నట్లు బిగించాడు. మధ్యలో జిగురు. బిగిస్తున్నప్పుడు కర్రలు కిర్రుమని మూలిగేవి. “నొప్పి పుడతాందా? ఇంగొంచెం ఓర్సుకో” అనేవాడు. కర్రతోనో, తన కాలితోనో.

నా పని మేకులు పీకడం. పీకిన మేకులన్నీ వంకర తీసి డబ్బాలో వెయ్యమన్నాడు. నా బొటనవేలు కూడా కొంత వంకర తీశాను. పక్క షాపు వడ్రంగి దగ్గర చిత్రిక అడిగి తెచ్చి పైన నున్నగా చేశాడు. చిత్రిక పట్టిన ప్రతిసారీ పొట్టుతోపాటు మటన్ పులావు వాసన లేచేది. భోజనాల వేళ ఆ చుట్టుపక్కల పనిచేసేవాళ్లు మమ్మల్ని తిట్టుకునేవాళ్లు. సగం కాలిన ముక్క కూడా పారేయలేదు, ఎడమ మూల నల్లగా అలాగే ఉంచాడు.

బల్ల ఎక్కించిన రోజే పెద్ద ప్రమాదం తప్పింది. చక్రాల కింద చెక్కలు పెట్టి, పంపు పైన పెట్టి, రెంచీ కోసం పై సొరుగు లాగాడో లేదో, పెట్టె మొత్తం ముందుకు ఒరిగింది. ఇద్దరం ఛాతీలు ఆనించి నిలబెట్టాం. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, వదిలితే పడుతుంది, వదలకపోతే వెళ్లి ఎవర్నీ పిలవలేం, అలా ఉండిపోయాం.

“ఇప్పుడు బేరమాడు శెట్టీ దీంతో” అన్నాడు.

ఎవరో వచ్చి పంపు దించారు. పైన బరువు పెరిగింది కాబట్టి కిందా పెరగాలి. అడుగు సొరుగు నిండా పాడైన పంపుల ఇనప గుల్లలు నింపాడు. ఆ తర్వాత ఏనుగు లాగినా కదల్లేదు. ఒకటి మాత్రం కుదరలేదు. బల్ల ఒక పక్కకు వాలింది. బేరింగ్ గోళీ ఎక్కడ పెట్టినా మెల్లగా దొర్లుతూ ఆయన నిలబడే వైపే వచ్చేది. ఆ వైపు అంచుకు పీకిన మేకులతోనే ఒక పట్టీ కొట్టాడు, కింద పడకుండా. “కింద పడితే వంగి తీసుకోలేను గదా. అందుకే నా కాడికే వచ్చేటట్టు చేసినా” అన్నాడు. కావాలని చేశాడా, కుదరక అన్నాడా, ఇప్పటికీ నాకు తెలియదు.

ముదీర్ ఒక పొద్దున చెప్పకుండా వచ్చాడు. భాయ్ నిలబడి పంపు విప్పుతున్నాడు. నా చేతిలో ఆయన పాస్‌పోర్టు ఉంది, టికెట్టు ఆఫీసుకో వీసా ఆఫీసుకో ఆ రోజే పంపాలి. ముదీర్ బల్లను పట్టుకుని ఊపాడు. ఊగలేదు. సొరుగు లాగాడు. ఒరగలేదు. నల్లటి మూలను గోటితో గీకి, ఇదేంటన్నట్టు నా వైపు చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఇంత గట్టి బల్ల బజార్లో కొంటే ఎంతవుతుందో, దీనివల్ల కంపెనీకి ఎంత ఆదా అవుతుందో చెప్పబోతున్నాను.

“నువ్వు నోరిప్పద్దు శెట్టీ” అన్నాడు భాయ్ పంపు మీంచి తలెత్తకుండా. “నువ్వు మాట్లాడితే దీన్ని గూడా పొయ్యిలో పెడతారు.”

మూశాను. షాపులో అందరూ పని ఆపి చూస్తున్నారు. భాయ్ పంపు కడుపులోంచి తాడు ముక్క తీసి పక్కన పెట్టాడు, రెక్క మార్చాడు, మూత బిగించాడు, వైరు పెట్టి తిప్పి చూపించాడు. పంపు తిరిగింది. ముదీర్ అంతసేపూ నిలబడే ఉన్నాడు. చివరికి ఇలాంటివి ఇంకో నాలుగు చెయ్యి అన్నాడు, ఇకనుంచి నువ్వు వడ్రంగివి అన్నాడు.

“బల్లలు చేసిస్తా. పని మాత్రం పంపులదే చేస్తా” అన్నాడు భాయ్ హిందీలో.

దొరికిన ధరకు ఇంకో మాట కలపకూడదని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ముదీర్ ఒక క్షణం ఆయన్నీ, బల్లనీ చూసి, నా వైపు చెయ్యి ఊపాడు. “వీసా మారో.” వీసా కొట్టించమని.

ఆ తర్వాత మా షాపులో నేల మీద కూర్చుని పనిచేసినవాళ్లు లేరు. భాయ్ ఆ బల్ల దగ్గర ఇంకో మూడేళ్లు నిలబడ్డాడు. పంపులను తిండి గురించి అడుగుతూనే ఉన్నాడు, నా బేరాలు చెడగొడుతూనే ఉన్నాడు.

రెండువేల ఎనిమిదిలో, పని ఊపిరాడకుండా ఉన్న రోజుల్లో, ఒక పొద్దున స్టోరు కిటికీ దగ్గరికొచ్చి, “నా పాస్‌పోర్టు తీయమని చెప్పు శెట్టీ. ఊరికి పోతాండ. మళ్లా రాను” అన్నాడు. ఆరోగ్యం బాగానే ఉంది. ఇంట్లో ఏ కష్టమూ లేదు. నేను నమ్మలేదు, ఏదో కోపమనుకున్నాను. ముదీర్ పిలిపించాడు. జీతం పెంచుతానన్నాడు, కనీసం ఎండాకాలం పోయేదాకా ఉండమన్నాడు, తగ్గి తగ్గి మాట్లాడాడు. నా వైపు చూసి, నువ్వయినా చెప్పు అన్నాడు. నేను తెలుగులో నాకొచ్చిన విద్యంతా వాడాను. భాయ్ ఓపిగ్గా విని, తల అడ్డంగా ఊపాడు.

ముదీర్‌కు అనుమానం వచ్చింది. కుర్చీలోంచి లేచి, “కౌన్ బోలా జావ్?” అన్నాడు. నిన్ను పొమ్మన్నది ఎవరని. షాపులో ఎవరైనా ఏమైనా అన్నారా అని.

భాయ్ హిందీ వెతుక్కోలేదు. నా వైపు తిరిగి, తెలుగులోనే చెప్పాడు. “ఎవురూ పొమ్మన్లేదు. అందుకే పోతాండ.”

ముదీర్ అర్థం చెప్పమన్నట్టు నన్ను చూశాడు. నేను హిందీలో చెప్పాను. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్కటి పెంచలేదు.